అత్త చూసిన ఊరు, మా రేవు

జులై 9

కలుజుపాళెం చెరువు రేవుకు ఈ పొద్దున ముళ్ళకంచె పడింది. వేయించినవాడు ఊరి పెద్దింటి రామనారాయణ. గారు అని రాయను. ఇది నా డైరీ. ఇందులో గార్లకు చోటు లేదు.

నీళ్ళలోకి దిగే వాలుకూ, మా కాలనీ వాళ్ళు వలలు ఆరేసుకునే మెరకకూ నడుమ వరసగా రాతి కూసాలు పాతించి తీగ చుట్టాడు. మెరక తన పట్టా భూమి అంటాడు. పట్టా కాగితం పుట్టకముందే మా తాతలు అక్కడ వల ఆరేశారు.

దీనికంతటికీ మూలం ఆయన కొడుకు సుధీర్. బెంగుళూరు ఉద్యోగం మానుకుని వచ్చి మెరక మీద ఫంక్షన్ హాలు కడతాడట. బ్యానరు అప్పుడే కట్టేశాడు: 'రోమన్ గార్డెన్స్ - లేక్ వ్యూ'. బొమ్మలో తెల్లటి స్తంభాలు, వాటి నెత్తిన ఆకులు, పక్కన రెక్కల గుర్రం. చెరువుకు నీలం రంగు వేశారు. మా చెరువు పుట్టి ఏనాడూ నీలంగా లేదు.

ఇదంతా భరించవచ్చు. భరించలేనిది ఇంకొకటి ఉంది. నేను పరిగెత్తి వెళ్ళేసరికి కూసాలకు గుంతలు తీస్తున్నది మా నాయన చెంగయ్య.

"ఏంది నాయనా ఇది? మన రేవుకు మనమే కంచె వేసుకుంటామా?"

"కూలి ఇస్తా ఉండాడు. పక్కకి జరుగు, మట్టి పడతాది."

"చరిత్ర నిన్ను క్షమించదు."

"చరిత్రని సాయంత్రం రమ్మను, చూద్దాం. జరగరా."

కాలనీ మగవాళ్ళందరూ నవ్వారు. పీడితులు నవ్వుకోవడం పీడకుడికి బలం అని ఎక్కడో చదివాను. సమయానికి గుర్తు రాలేదు, ఇంటికొచ్చాక వచ్చింది.

జులై 10

నాయనతో మాట్లాడడం లేదు.

జులై 11

నాయనతో మాట్లాడడం లేదు. ఇంకొంచెం పులుసు పొయ్యమని అడగడం మాటల కిందికి రాదు.

జులై 12

కంచె దగ్గరికి పోయి చూశాను. పని కూడా సరిగ్గా చేయలేదు. కూసాల మొదట్లో సిమెంటు పోయకుండా ఉత్త మట్టి వేసి దిమ్మిసతో కొట్టారు. రామనారాయణకు సిమెంటు ఖర్చు కూడా మిగిల్చాడు మా నాయన! బానిసత్వం మనిషిలో ఎంత లోతుకు దిగుతుందో చూడాలంటే ఆ గుంతలు చూస్తే చాలు.

జులై 15

కరపత్రం రాశాను. నాలుగు పేజీలు వచ్చింది. ముఖ్యమైన భాగం ఇక్కడ దాచుకుంటున్నాను:

'కార్తీకంలో వానలు కురిసి, చెరువు నిండి, అదనపు నీళ్ళు కలుజు మీదుగా పొర్లిన రోజు ఈ ఊళ్ళో తొలి వల. ఆ రోజు పడిన చేపను అమ్మకూడదు. చేప కాలనీది. బియ్యం, చింతపండు, నూనె ఊరివి. వండేది ఒకే పొయ్యి. కాలనీలో పెద్దామె తొలి ముక్క వడ్డించేదాకా ఎవరూ నోట్లో మెతుకు పెట్టరు. వలకు రెండు మోకుతాళ్ళు. మోకు పట్టేటప్పుడు కాలనీ మనిషి, ఊరి మనిషి కలిసి నిలబడాలి. మోకు కొస పెద్దింటి వాళ్ళది. అందరూ వెనక్కి నడుస్తూ వాలు ఎక్కి, మెరక మీదికి లాగాలి. ఇప్పుడు మెరక ఎక్కడ? కంచె అవతల! వలను ఆకాశంలోకి లాగుతామా? సమాధానం చెప్పు!!!'

ఆత్మకూరు బస్టాండు దగ్గర అనురాధ డి.టి.పి. షాపుకు తీసుకెళ్ళాను. చేజర్లలోనూ జిరాక్సు ఉంది. అక్కడ అక్షరాలు మసకగా వస్తాయి.

అనురాధ నాలుగు పేజీలూ చదివి, "ఎవురు చదువుతారయ్యా ఇంత? బస్సు ఎక్కేలోపల అయిపోవాల," అంది.

"ఇది ఉద్యమం."

"ఉద్యమానికి కూడా బస్సు ఉంటాది గదా."

రెండు పేజీలకు తగ్గించింది. ఆమెది ఉదయగిరి. ఆ కొండ మనుషులకు మొండితనం ఎక్కువని అంటే, "కలుజుపాళెం వాళ్ళకి చెవుడు ఎక్కువంట గదా," అంది. డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాను. అనడానికి చాలా ఉంది.

జులై 16

చేజర్లలో అక్షరాలు మసకగా రావు. ఇవాళ పని మీద వెళ్ళి చూశాను. అయినా అది వేరే విషయం.

జులై 22

మాధవి అత్త వాయిస్ మెసేజ్ పెట్టింది. నాయన చెల్లెలు. కువైట్‌లో ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకుంటుంది. అక్కడి ఎండలు తప్పించుకోవడానికి ఆ ఇంటివాళ్ళు ఇటలీ వెళ్తూ ఈమెనూ తీసుకుపోయారు. ఆ ఊరి పేరు అత్తకు నోరు తిరగదు, చెప్పిన ప్రతిసారీ ఇంకో పేరులా వినపడుతుంది. మేము అత్త ఊరు అంటున్నాం.

"ఒరే పెంచలూ, అవ్వకి వినిపించు. ఈడ ఒక చెరువు ఉండాదిరా. మన చెరువు కాదు, సోమశిల డ్యాము నిండినా ఇంత ఉండదు. అవతలి ఒడ్డు కనపడదు, కొండలు మాత్రం నీళ్ళలోంచి లేచినట్టు ఉండాయి. ఊరు మాత్రం చిన్నదే, మన చేజర్ల అంత. రోమనోళ్ళు కట్టిన ఊరంట, రెండు వేల ఏండ్ల కిందట. వాళ్ళ గోడలు ఇంకా ఉండాయి. ఆ గోడల మీదే ఇండ్లు కట్టుకోని, గుడ్డలు ఆరేసుకోని, సుఖంగా ఉండారు. నీళ్ళ ఒడ్డున ఒక రాతి స్తంభం అడ్డంగా పడిపోయి ఉండాది. ఎవురో రాజుదంట. ముసలోళ్ళు దాని మీద కూర్చోని ఐస్‌క్రీం తింటా ఉండారు. పిల్లోణ్ణి ఆడిచ్చుకుంటా నేనూ కూర్చున్నా. సల్లగా ఉండాదిరా, మన రేవు బండ మాదిరి."

రెండుసార్లు విన్నాను. చక్రవర్తి స్తంభం మీద మా అత్త! ఇంతకు మించిన విప్లవం పుస్తకాల్లో కూడా లేదు.

జులై 30

అత్త ఫొటోలు పంపింది. రోమనోళ్ళ కాలపు ఇంటి నేల అది. రంగురంగుల చిన్న రాళ్ళు పేర్చి బొమ్మలు చేశారు. అన్నీ చేపలే. పడవలు, వలలు. వల లాగుతున్నది మాత్రం రెక్కలున్న పసిపిల్లలు, ఒంటి మీద నూలుపోగు లేదు.

కాలనీలో అందరికన్నా పెద్దామె, మా అవ్వ తిరుపాలమ్మ, ఫోనును కంటికి ఆనించుకుని చూసింది.

"ఇంత ఇంత బిడ్డల్ని నీళ్ళ మీదికి పంపినారే, వీళ్ళ అమ్మలు యాడికి పోయినార్రా?"

"అవ్వా, వాళ్ళు దేవతలు. రెక్కలు చూడు."

"రెక్కలుండి కూడా చేపల కోసం వంగినారంటే కడుపులో ఏమీ లేనట్టే గదా. మే మాధవీ, ఆ బిడ్డలకి ఇంత అన్నం పెట్టమని ఎవురికన్నా చెప్పు మే." ఇది ఆమె మెసేజ్‌గా పంపించింది. ఫొటోలో ఉన్న వాళ్ళు చచ్చి రెండు వేల ఏళ్ళయిందని చెప్పాను. "అయితే మాత్రం?" అంది.

నాయన కూడా వంగి చూశాడు. "వల అంచు బాగా పట్టినాడు ఆ ఎడమ పక్కవాడు," అన్నాడు. నాతో కాదు, ఫోనుతో.

ఆగస్టు 6

రెండో కరపత్రం. శీర్షిక: 'సుధీర్‌కు బహిరంగ ప్రశ్న: నీది ఏ రోము?' అసలు రోమన్ ఊళ్ళో నీళ్ళ ఒడ్డు అందరిదీ అనీ, పనిమనిషి కూడా రాజు స్తంభం మీద కూర్చుంటుందనీ, కంచె వేసిన రోము కల్తీ రోము అనీ రాశాను. బహిరంగ చర్చకు రమ్మని సవాలు. అనురాధ ఒక పేజీకి కుదించింది. ఆశ్చర్యార్థకాలన్నీ తీసేసింది. నేను మళ్ళీ పెట్టించాను. ఆమె మళ్ళీ తీసింది. ఒకటి మిగిలింది.

ఆగస్టు 8

సుధీర్ బుల్లెట్ మీద మా ఇంటికే వచ్చాడు. చేతిలో నా కరపత్రం. చొక్కా చేతులు మడుచుకుని సిద్ధంగా నిలబడ్డాను.

"ఒరే పెంచలూ, అదిరిపోయిందిరా! ఆ ఫొటోలు నాకు పంపు. మా కాంట్రాక్టరు దగ్గర క్యాలెండరు బొమ్మ తప్ప ఏమీ లేదు. ఆ చేపల నేల నాకు కావాల. ఎంట్రన్స్‌లో వేయిస్తా."

"చర్చకు రమ్మన్నాను."

"వస్తాలే. ముందు ఫొటోలు పంపు."

పంపలేదు. అవ్వ పంపేసింది. ఈమధ్యనే నేర్చుకుంది.

ఆగస్టు 9

శత్రువు మెచ్చుకుంటే ఏం చేయాలో నేను చదివిన కరపత్రాల్లో ఎక్కడా లేదు.

ఆగస్టు 16

నిన్న అత్త ఊళ్ళో పండగట. వీడియో పంపింది. చెరువు ఒడ్డు పొడుగునా బల్లలు వేసి, ఊరంతా ఒకే వరసలో కూర్చున్నారు. పెద్ద పెద్ద పెనాల మీద చెరువు చేపలు వేయిస్తున్నారు. ఎవరు దొరో ఎవరు పడవ నడిపేవాడో తెలియడం లేదు. అత్త కువైట్ పిల్లవాడు ఒక ముసలామె ఒళ్ళో కూర్చుని రొట్టె నములుతున్నాడు. ఆ ముసలామె అత్త చేతిలో చేప పళ్ళెం పెట్టి చెంప నిమిరింది. అక్కడ వీడియో ఊగిపోయింది. అత్త ఏడ్చినట్టుంది, నవ్వినట్టు కూడా ఉంది.

కాలనీ అంతా మా అరుగు మీదే. ఇంతలో రామనారాయణ తల్లి వెంకమ్మ కర్ర పట్టుకుని వచ్చింది. మా వీధిలోకి ఆమె వచ్చి ఎన్నాళ్ళయిందో!

"ఏమే తిరుపాలా, సీమదేశంలో చేపల పండగంట, నాకు చూపీకుండా నువ్వొక్కదానివే చూస్తా ఉండావా?"

"రామ్మా, రా. కూర్చో. ఒరే పెంచలూ, మొదట్నించి పెట్టు."

ఇద్దరూ తలలు ఆనించుకుని చూశారు. అయిపోయాక వెంకమ్మ మళ్ళీ పెట్టమంది, మళ్ళీ చూసింది. తర్వాత అంది: "ఇది మన తొలి వలే గదంటే."

"అదే గదమ్మా."

"పోయిన ఏడు చెరువు నిండలేదు. అంతకు ముందు ఏడు నాకు జొరం. ఈ ఏడన్నా నీ చేతి ముక్క తినాల. వానలు పడతాయంటావా?"

"పడతాయి. వల యాడ లాగేదో నీ కొడుకునడుగు."

అవ్వ ఎంత మామూలుగా అందంటే, నా రెండు కరపత్రాలూ సిగ్గుపడాలి. సిగ్గు నాకు కాదు, వాటికి.

ఆగస్టు 17

రామనారాయణ కబురు: కంచెకు నడుమ గేటు పెట్టిస్తాడట. తాళంచెవి నాయన దగ్గరే ఉంటుందట. కాలనీ ఒప్పుకుంది. నాయన తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

హక్కుకు తాళంచెవి ఉండదు! ఇవాళ వేరే వాక్యం ఏదీ రాయను.

సెప్టెంబరు 3

అత్త ఇటలీ నుంచి కువైట్ చేరింది. వచ్చే ముందు ఆ స్తంభం మీద ఇంకోసారి కూర్చుని వచ్చానంది.

సెప్టెంబరు 20

హాలు గోడలు లేచాయి. స్తంభాలు లేచాయి. దూరం నుంచి బాగున్నాయి. దగ్గరి నుంచి చూడలేదు. చూశాను. బాగున్నాయి. కంచె కూడా గట్టిగా కనిపిస్తోంది.

అక్టోబరు 18

వాన. మూడో కరపత్రం పట్టుకుని తడుస్తూ ఆత్మకూరు వెళ్ళాను. 'తొలి వలను బహిష్కరించండి! గేటులోంచి దూరి పట్టిన చేప ముళ్ళకన్నా చేదు!'

అనురాధ చదివింది. కంప్యూటరు ఆపేసింది.

"ఇది నేను వెయ్యను."

"ఎందుకు? నువ్వు కూడా వాళ్ళ పక్షమేనా?"

"ఏ పక్షమయ్యా? ఆ ముసలామె నీ అవ్వ చేతి ముక్క కోసం వానకి మొక్కతా ఉండాదని నువ్వే చెప్పినావు గదా. ఇప్పుడు ఎవుర్ని బహిష్కరిస్తావు? మీ అవ్వనా?"

"సిద్ధాంతం..."

"సిద్ధాంతం తడిసిపోయింది, ఆరబెట్టుకో. టీ తాగుతావా?"

తాగలేదు. బస్సులో కూర్చున్నాక, తాగి ఉండవచ్చనిపించింది.

అక్టోబరు 25

చేజర్ల జిరాక్సుకు వెళ్ళాను. ఆ షాపు మూసి ఉంది. కనీసం తలుపు తట్టి ఉండాల్సింది. తట్టలేదు.

నవంబరు 4

వాన. మర్రిపాడు వైపు వాగులన్నీ పారుతున్నాయట. మన చెరువులోకి కొత్త నీళ్ళు ఎర్రగా వస్తున్నాయి.

నవంబరు 11

తెల్లారితే కలుజు పారుతుందని నాయన అన్నాడు. పెద్ద వల బయటికి తీశారు. అవ్వ పసుపు, మిరపకాయలు రోట్లో వేసింది. ఇల్లంతా కళకళలాడుతోంది, నేను తప్ప. రేపు నేను మోకు పట్టను. కట్ట మీద నల్లజెండా పట్టుకుని ఒంటరిగా నిలబడతాను. నల్లగుడ్డ దొరకక గొడుగు గుడ్డ విప్పాను.

నవంబరు 12

ఎక్కడ మొదలుపెట్టాలి? బట్టలకు ఇంకా బురద ఉంది. వేళ్ళు వాసన వస్తున్నాయి. అయినా రాయాలి.

పొద్దున్నే కలుజు పారింది. తెల్లటి నీళ్ళు బండల మీద దుముకుతుంటే ఊరికి ఊరే వచ్చింది. బియ్యం గంపలు, చింతపండు, నూనె డబ్బాలు. వెంకమ్మను ప్లాస్టిక్ కుర్చీతో సహా ఎత్తుకొచ్చి వాలులో కూర్చోబెట్టారు. సన్నగా వాన. గొడుగు లేక తడుస్తూ కట్ట మీద నేను, నా జెండా.

అనురాధ కూడా వచ్చింది. ఆత్మకూరు నుంచి మొదటి బస్సుకు. మూరెడు పొడుగు ఉదయగిరి చెక్కగరిటె పట్టుకుని వచ్చింది. కట్ట ఎక్కి నన్ను చూసి, "ఎంతసేపు నిలబడతావు?" అంది.

"న్యాయం జరిగేదాకా."

"సరే. పులుసు అయ్యాక పిలుస్తా," అని దిగిపోయింది.

నాయన గాలి నింపిన లారీ ట్యూబు మీదెక్కి వల తీసుకెళ్ళి, నీళ్ళలో పెద్ద చుట్టు చుట్టి తిరిగాడు. రెండు మోకులూ ఒడ్డుకు వచ్చాయి. ఒక మోకు కొస సుధీర్‌ది, ఇంకో మోకు కొస రామనారాయణది. మోకు పొడుగునా మావాళ్ళు, ఊరివాళ్ళు కలిసి నిలబడ్డారు. "హైలెస్సా" అంటూ వెనక్కి నడవడం మొదలుపెట్టారు.

సుధీర్ మోకు గేటులోంచి మెరక మీదికి చక్కగా వెళ్ళింది. రామనారాయణ మోకు వెళ్ళలేదు, ఆ పక్క గేటు లేదు. కొస పట్టుకున్నది ఆయన కదా, వెనక్కి అందరికన్నా ముందు నడిచేది ఆయనే. పంచె ఎగ్గట్టుకుని, అందరికన్నా గట్టిగా అరుస్తూ వెనక్కి వెనక్కి నడిచి, నడిచి, తన కంచెకు తానే వీపు ఆనించాడు.

"అబ్బా!"

మోకు ఆగిపోయింది. అటు సుధీర్ వైపు లాగుతూనే ఉన్నారు. వల ఒక పక్కకు వంకరపోయింది. నాయన నీళ్ళలోంచి కేకేశాడు: "లాగండయ్యా! నిలబడిపోయినారేంది? ఈ పక్క అంచు లేస్తా ఉండాది, చేప పోతాది!"

"యాడికి లాగేదిరా, వెనక ముళ్ళు!" అన్నాడు రామనారాయణ. పంచె తీగకు చిక్కుకుంది. మోకు వదిలితే తొలి వల చెడ్డట్టే. అందుకని రెండు చేతులా మోకు, ముళ్ళకు పంచె. అలా నిలబడిపోయాడు.

కుర్చీలోంచి వెంకమ్మ: "ఎవుర్రా ఆ ముళ్ళు పెట్టింది? బుద్ధుండే పనేనా?"

అందరి తలలూ రామనారాయణ వైపు తిరిగాయి. వాన చప్పుడు, కలుజు చప్పుడు. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, మోకు మోకంతా నవ్వుతో ఊగిపోయింది.

"అమ్మా, నువ్వు గమ్మునుండు!"

"నేను గమ్మునుంటే చేప గమ్మునుంటాదా? అదో, దూకతా ఉండాది!"

నిజంగానే దూకింది. బొచ్చె, చంటిపిల్ల అంత. వల అంచు మీంచి ఎగిరి, వెండిలా మెరిసి, బయట పడింది. దాని వెనక ఇంకొకటి. ఊరంతా 'అయ్యో' అంది. రామనారాయణ ముఖం చూశాను. చిన్నప్పుడు ఆ ముఖం ఎలా ఉండేదో ఆ క్షణంలో తెలిసింది.

"తియ్యండ్రా! ఆ కూసాలు పీకి అవతల పారెయ్యండి! చూస్తా ఉండారేంది, చేప పోతా ఉండాది!"

నేను పరిగెత్తాను. జెండా ఏమైందో తెలియదు. నెలల తరబడి కోపమంతా భుజంలోకి తెచ్చుకుని, రామనారాయణ పక్కనున్న కూసాన్ని బలంకొద్దీ నెట్టాను. కూసం అరటిబోదెలా వాలిపోయింది. నేను దాని మీదుగా బురదలో బోర్లా పడ్డాను. తల ఎత్తేసరికి మావాళ్ళు మిగతా కూసాలను పళ్ళు పీకినట్టు పీకుతున్నారు. అవి కూడా అంతే సులువుగా వచ్చేస్తున్నాయి. ఎవరో పంచె విడిపించారు, కొంత చిరిగింది. దారి దొరికింది.

"హైలెస్సా!"

మోకు కొస పెద్దింటిదని రాశాను కదా. ఈరోజు ఆయన వెనక ఇంకో మనిషికి చోటుంది. నేను పట్టాను. ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

"నువ్వేనా! కరపత్రాలు ఎత్తిన చేతులు. బలం ఉండాదా?"

"ముందు మీరు లాగండి."

లాగాం. వాలు ఎక్కి, మెరక ఎక్కి, సుధీర్ తెల్లటి స్తంభాల నడుమ నుంచి వెనక్కి నడిచాం. రెండు మోకులూ సమానంగా వచ్చాయి. వల ఒడ్డుకు చేరేసరికి నీళ్ళు ఉడుకుతున్నట్టు ఉంది. జెల్లలు, కొరమేనులు, బొచ్చెలు. పిల్లల అరుపులు. పెద్దవాళ్ళవి పిల్లలకన్నా ఎక్కువ అరుపులు.

మామిడికాయ దొరికే కాలం కాదు, చింతపండుతోనే పులుసు. కలిపింది అనురాధ గరిటెతో. నేల అంతా బురద, కూర్చోవడానికి చోటు లేదు. వాలులో పడి ఉన్న కూసాల మీదే అందరూ పళ్ళేలు పట్టుకుని కూర్చున్నారు. అవ్వ తొలి ముక్క వెంకమ్మ పళ్ళెంలో పెట్టింది. వెంకమ్మ అందులో సగం తుంచి అవ్వ నోట్లో పెట్టింది. ఆ తర్వాతే ఊరు తిన్నది. రామనారాయణ చిరిగిన పంచెతోనే మూడుసార్లు వడ్డించుకున్నాడు.

అత్తకు వీడియో కాల్ చేశాను. ఫోను అటూ ఇటూ తిప్పి చూపించాను. కూసాల మీద వరసగా మనుషులు, వెనక తెల్లటి స్తంభాలు, ముందర నీళ్ళు.

"ఓరి, నా ఊళ్ళో మాదిరే కూర్చున్నారే! ఆ రాళ్ళు యాడివిరా?"

"కంచెవి అత్తా."

"నీ ఊరేంది మే?" అవ్వ ఫోను లాక్కుంది. "నీ ఊరు ఇదే. ఎప్పుడొస్తా ఉండావు?"

"శనివారం మద్రాసులో దిగతాను. మీకు చెప్పకుండా వద్దామనుకున్నా, నోరు ఆగలేదు."

సాయంత్రం వల ఉతుకుతూ నాయన పక్కన కూర్చున్నాను. మాట్లాడాను. నాలుగు నెలల తర్వాత ఏం మాట్లాడాలో తెలియక ముందు సిమెంటు గురించి అడిగాను.

"కూసాలకి సిమెంటు ఎందుకు పొయ్యలేదు?"

"మెత్తటి నేల, మట్టి దిమ్మిస కొడితే చాలు అన్నా. సరేనన్నాడు. మూటలు ఆయన కొట్టంలోనే ఉండాయి, మనమేం ఎత్తుకపోలేదు."

"అంటే నీకు ముందే తెలుసా? మోకు ఆడికి వస్తాదని?"

"ముప్పై ఏండ్లుగా వల లాగతా ఉండాను. వెనక్కి ఎంత దూరం నడవాలో తెలీదా?"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

నాయన వల దులిపాడు. నీళ్ళు నా ముఖం మీద పడ్డాయి.

"నీకు చెప్తే కరపత్రం వేస్తావు."

నవంబరు 13

భయపడ్డట్టే అయింది. పొద్దున సుధీర్ ట్రాక్టరు తెచ్చాడు. సిమెంటు మూటలు, కంకర. ఈసారి గట్టిగా పాతుతాడట. వార్త విని పరిగెత్తాను. నాయన వెనకే వచ్చాడు. ఈసారి నేను నోరు తెరవకముందే రామనారాయణ అక్కడ ఉన్నాడు, పడి ఉన్న కూసం మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు.

"నాన్నా, లెయ్. కూసాలు నిలబెట్టాల."

"వద్దులే."

"పార్కింగు లోపలికి గొడ్లొస్తాయి నాన్నా."

"గొడ్లు వస్తే తోలుకో. కంచె మళ్ళీ వేస్తే, మళ్ళీ కలుజు పారినప్పుడు వెనక్కి నడిచేది నువ్వా నేనా? ఈ వీపు చూడు." చొక్కా ఎత్తి చూపించాడు. వీపు మీద గీతలు వరసగా ఉన్నాయి. సుధీర్ నవ్వు ఆపుకోలేకపోయాడు. నేను కూడా.

"అమ్మ రాత్రి నుంచి ఒకటే పోరు. ఈ కూసాలు ఇట్టనే పడుకోబెట్టి బల్లలు చెయ్యాలంట, ఆ సీమ ఊళ్ళో మాదిరి. మళ్ళీ వచ్చి కూర్చుంటాదంట. చెంగయ్యా, చేస్తావా?"

"ఈసారి సిమెంటు పోస్తామయ్యా," అన్నాడు నాయన, ముఖంలో ఏమీ కనపడనీయకుండా.

సుధీర్ కాసేపు కళ్ళు చికిలించి వాలు వైపు చూశాడు. "రోమన్ సీటింగ్," అన్నాడు మెల్లగా. "బ్యానరులో పెట్టొచ్చు."

రాతపూర్వకంగా ఇమ్మని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ వీపు చూశాక అడగలేదు. రామనారాయణ గారు.

రాసేశాను. కొట్టేయను.

నవంబరు 14

ఆత్మకూరు. నాలుగో కరపత్రం రెండు పేజీలు వచ్చింది: రోము చరిత్ర, మా చెరువు చరిత్ర, రాజుల స్తంభాలు చివరికి ఏమవుతాయి, ప్రజాశక్తి. అనురాధ చదివి పెన్ను తీసుకుంది. కొట్టేస్తూ పోయింది. నేను ఆపలేదు. టీ తాగాను. ఇంకో టీ తాగాను.

"ఆదివారం నువ్వు కూడా వస్తావా?" అన్నాను.

"మొన్న గరిటె మీ ఇంట్లోనే మరిచిపోయినా. తీసుకోవాల గదా."

మరిచిపోలేదు. మా అవ్వ చేతికి ఇచ్చి వెళ్ళడం నేను చూశాను. మూడో టీ చెప్పాను.

కరపత్రంలో చివరికి మిగిలింది ఇంతే. ఆశ్చర్యార్థకం ఒక్కటి కూడా లేదు. ఇవాళే పంచిపెట్టాను, మొదటిది రామనారాయణ గారి చేతికే ఇచ్చాను:

'కలుజుపాళెం రేవులో కూసాలను బల్లలుగా పరుస్తున్నాం. కువైట్ నుంచి మాధవి వస్తోంది, మొదట ఆమె కూర్చుంటుంది. ఆదివారం పొద్దున ఏడు గంటలకు అందరూ రేవు దగ్గరికి రండి. గడ్డపార ఉన్నవాళ్ళు గడ్డపారతో, లేనివాళ్ళు పళ్ళెంతో.'